నాన్నకి రాత్రి నుంచి నీళ్ళ విరేచనాలు, షుగర్ బీపీ కూడా ఉన్నాయి. ఇంట్లో ఏం చేయాలి?

కొవ్వూరు_రవి | శనివారం ఉదయం 6:12

అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్‌లో ఉంటాను. అమ్మానాన్న కొవ్వూరు దగ్గర ఊళ్ళో ఉంటారు. మొన్న చుట్టాల పెళ్ళికి వెళ్ళొచ్చారు. నిన్న రాత్రి పది దాటాక నాన్నకి మోషన్స్ మొదలయ్యాయి. పూర్తిగా నీళ్ళలాగే పోతున్నాయట, రెండుసార్లు వాంతి కూడా అయింది. రక్తం లేదు, ఒళ్ళు పట్టుకుంటే జ్వరం ఉన్నట్టు లేదు. నాన్నకి 67 ఏళ్ళు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతున్నారు. బీపీకి టెల్మిసార్టాన్‌తో పాటు నీరు పోయే మందు కలిసిన మాత్ర.

అమ్మ పాలు లేని టీ డికాక్షన్ రెండు గుక్కలు ఇచ్చింది. నీళ్ళు తాగితే మళ్ళీ పోతుందని మంచినీళ్ళు మాత్రం ఇవ్వడం లేదు. ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు ఎనిమిది దాటితే గానీ దొరకరు. నేను బయలుదేరినా చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది. ఈలోపు ఏం చేయమని చెప్పాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

స్టాఫ్‌నర్స్_విజయ | ఉదయం 6:25

రవి గారూ, ముందు అమ్మగారికి ఫోన్ చేసి నీళ్ళు ఆపొద్దని చెప్పండి, మిగతావి తర్వాత చూద్దాం. నీళ్ళు తాగడం వల్ల ఆ మోషన్ రావడం లేదు. పేగుల్లోంచి ఒంట్లో ఉన్న నీరూ ఉప్పూ బయటికి పోతున్నాయి. తాగినా తాగకపోయినా అవి పోతూనే ఉంటాయి. తాగకపోతే పోయినవి తిరిగి రావు. నేను క్యాజువాలిటీలో పనిచేస్తాను. ఈ వయసువాళ్ళు మోషన్స్‌తో వస్తే ఎన్నిసార్లు వెళ్ళారన్న లెక్క కన్నా బీపీ ఎంత పడిపోయింది, కిడ్నీలు ఎలా ఉన్నాయి అనేదే మాకు భయం.

ఇంట్లో ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఉందేమో అడగండి. పక్కింట్లోనైనా ఉంటుంది, ఆశా కార్యకర్త దగ్గర తప్పకుండా ఉంటుంది. అది వచ్చేదాకా ఇంట్లోనే కలపమనండి: కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు. చెంచా మీద కుప్పగా కాకుండా వేలితో గీసి సమం చేసి కొలవాలి. పంచదార కాస్త అటూ ఇటూ అయినా ఫరవాలేదు గానీ ఉప్పు ఎక్కువ కాకూడదు. నోట్లో వేసుకుంటే కన్నీళ్ళకన్నా ఉప్పగా అనిపిస్తే ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ కలపాలి.

వాంతి అవుతోందన్నారు కాబట్టి గ్లాసు ఎత్తి తాగించొద్దు. వాంతి అయ్యాక పది నిమిషాలు ఆగి, తర్వాత చెంచాతో ఒకటి రెండు నిమిషాలకోసారి ఇవ్వాలి. అలా గంటసేపు కూర్చుని పట్టించడానికి ఓపిక కావాలి, కానీ అది నిలుస్తుంది. వాంతులు తగ్గాక ప్రతి విరేచనానికీ ఒక గ్లాసు.

అమ్మగారిని అడిగి ఇవి రాయండి: చివరిసారి మూత్రం ఎప్పుడు పోశారు, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయా, మాట మామూలుగానే ఉందా. గ్లూకోమీటర్ ఉంటే షుగర్ కూడా చూడమనండి. ఉదయం మాత్రలు మాత్రం డాక్టర్‌ని అడగకుండా వేయొద్దు.

పాలమూరు_లక్ష్మి | ఉదయం 6:40

అయ్యో, జాగ్రత్త అన్నా. మా మామయ్యకి పోయిన ఎండాకాలం ఇట్లనే అయింది. నీళ్ళు మానేసి పొద్దుటికి మంచం మీంచి లేవలేకపోయిండు. విజయక్క చెప్పినట్టు చెయ్యి.

మెడికల్‌షాప్_శ్రీను | ఉదయం 6:58

రవి గారు, నేను ఒక మాట చెప్తాను, ఎవరూ తప్పుగా అనుకోవద్దు. మా షాపుకి రోజూ వచ్చే మాట "మోషన్స్ బిళ్ళ ఇవ్వండి". నార్‌ఫ్లాక్సాసిన్, టినిడజోల్ కలిసిన బిళ్ళలు జనానికి పేరుతో సహా తెలుసు. నేను చీటీ లేకుండా ఇవ్వడం మానేసి చాలా కాలమైంది. రక్తం, జ్వరం లేని నీళ్ళ విరేచనాలు చాలావరకు వైరస్ వల్లనో, తిన్నదాంట్లో ఉన్న విషపదార్థం వల్లనో వస్తాయి. యాంటీబయాటిక్ వాటిని ఏమీ చేయదు, ఒక్కోసారి దానివల్లే మోషన్స్ పెరుగుతాయి.

ఇంకోటి లోపెరమైడ్. పేగు కదలికని అది నెమ్మది చేస్తుంది, అంతే. జ్వరం గానీ రక్తం గానీ ఉన్నప్పుడు అది వేస్తే చెడు లోపలే నిలిచిపోతుంది. చిన్నపిల్లలకి అసలు ఇవ్వకూడదు. ఆరోగ్యంగా ఉన్న ముప్పై ఏళ్ళ మనిషి బస్సు ప్రయాణం ఉందని ఒకటి వేసుకోవడం వేరు, షుగర్ బీపీ ఉన్న పెద్దాయనకి రాత్రిపూట ఇంట్లో ఇవ్వడం వేరు.

ఓఆర్‌ఎస్ కొనేటప్పుడు ప్యాకెట్ వెనక చూడండి. 20.5 గ్రాముల పొడి ఉన్న పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్ళకి, నాలుగు గ్రాముల చిల్లర ఉండే చిన్నది 200 మి.లీ. నీళ్ళకి. పెద్ద ప్యాకెట్‌లో కొంచెం పొడి గ్లాసులో వేసుకుని మిగతాది మడిచి దాచుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. అలా కలిపితే కొలత తప్పుతుంది. ఖాళీ లీటరు వాటర్ బాటిల్ తీసుకుని మొత్తం ఒకేసారి కలపండి, 24 గంటల్లో తాగగా మిగిలింది పారబోయండి. పాలల్లో, జ్యూస్‌లో కలపొద్దు. కలిపాక మరిగించొద్దు.

సీతమ్మ_గారి_వంటిల్లు | ఉదయం 7:10

నాయనా రవీ, మజ్జిగలో అర చెంచా మెంతులు వేసి మింగించమను. మా ఇళ్ళలో తరతరాలుగా ఇదే. దానిమ్మ తొక్క కషాయం కూడా మంచిది. సగ్గుబియ్యం జావలో కాస్త ఉప్పు వేసి పట్టించవచ్చు.

స్టాఫ్‌నర్స్_విజయ | ఉదయం 7:16

సీతమ్మ గారూ, మీరు చెప్పినవాటిలో ఉప్పు వేసిన జావ, పలచటి మజ్జిగ బంగారం లాంటివి. ఉప్పు వేసిన గంజి కూడా అంతే. వాంతి నిలిచాక తప్పకుండా ఇవ్వొచ్చు. మెంతులు, కషాయం మాత్రం ఇవాళ వద్దండి. వాంతి అవుతున్న మనిషికి అవి లోపల నిలవవు. పైగా మెంతులు షుగర్ తగ్గిస్తాయి, ఆయన గ్లిమెపిరైడ్ మీద ఉన్నారు, రాత్రి నుంచి ఏమీ తినలేదు.

సీతమ్మ_గారి_వంటిల్లు | ఉదయం 7:19

షుగర్ సంగతి నిజమేనమ్మా. అయితే గంజి తేట చేయమను, ఉప్పు మరవొద్దు.

కొవ్వూరు_రవి | ఉదయం 7:34

అమ్మతో మాట్లాడాను. ఉప్పు, పంచదార నీళ్ళు కలిపి చెంచాతో పడుతోంది, ఇప్పటిదాకా వాంతి కాలేదు. రాత్రి పడుకునే ముందు మూత్రం పోశారట, తర్వాత ఇప్పటిదాకా లేదు. బాత్‌రూమ్‌కి వెళ్తూ ఒకసారి గోడ పట్టుకుని నిలబడిపోయారు. మాట బాగానే ఉంది గానీ నీరసంగా ఉన్నారు. నాలుక ఎండిపోయిందని అమ్మ అంటోంది. షుగర్ 94. మోషన్స్ ఇంకా గంటకోసారి అవుతున్నాయి. ఆర్‌ఎంపీ గారికి ఫోన్ చేస్తే వచ్చి సూది వేసి సెలైన్ పెడతానన్నారు. అంతవరకు ఆగాలా?

పీహెచ్‌సీ_డాక్టర్ | ఉదయం 7:41

ఆగొద్దు. ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళమనండి. సొంత బండి లేకపోతే 108కి ఫోన్ చేయమనండి.

కారణం చెప్తాను. రాత్రంతా మూత్రం లేదు, నిలబడితే తూలుతున్నారు, నాలుక ఎండింది. ఈ వయసులో చర్మం గిల్లి చూస్తే సరిగ్గా తెలియదు, చర్మం ఎలాగూ వదులుగానే ఉంటుంది. దాహం కూడా తక్కువే వేస్తుంది. అందుకే మూత్రం, కళ్ళు తిరగడం, నాలుక, ఈ మూడే చూస్తాను. ఇంట్లో ఒక సెలైన్ సీసా పెడితే సరిపోదు, బీపీ, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష, కిడ్నీ నెమ్మదిస్తే ఇది పెరుగుతుంది), సోడియం, పొటాషియం చూసుకుంటూ ఎక్కించాలి.

మందుల విషయం. నీరు పోయే మందు, టెల్మిసార్టాన్ రెండూ ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి భారం అవుతాయి. కిడ్నీ నెమ్మదిస్తే మెట్‌ఫార్మిన్ ఒంట్లోనే పేరుకుని రక్తంలో ఆమ్లం పెరగొచ్చు. గ్లిమెపిరైడ్ వేసుకుని ఏమీ తినకపోతే షుగర్ పడిపోతుంది, 94 అన్నది నాకు నిశ్చింతగా అనిపించడం లేదు. కాబట్టి ఇవాళ ఉదయం ఈ మాత్రలేవీ వేయకుండా, మాత్రల డబ్బా మొత్తం వెంట తీసుకెళ్ళి అక్కడి డాక్టర్‌కి చూపించమనండి. ఇది చదివేవాళ్ళలో ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు ఉంటే మాత్రం దాన్ని సొంతంగా ఆపొద్దు, డోసు ఎంత అని మీ డాక్టర్‌ని అడగండి.

దారిలో కూడా చెంచాతో ఓఆర్‌ఎస్ పడుతూనే ఉండాలి. ఆసుపత్రికి వెళ్తున్నాం కదా అని ఆపేస్తారు, అది చేయొద్దు.

కొవ్వూరు_రవి | ఉదయం 7:52

108 వస్తోంది. బాబాయి కూడా వెళ్తున్నాడు. రాజమండ్రి తీసుకెళ్తున్నారు. నేను బయలుదేరుతున్నాను. డాక్టర్ గారూ, విజయ గారూ, చాలా థాంక్స్.

కొత్తమ్మ_ఒంగోలు | ఉదయం 9:20

ఇదే థ్రెడ్‌లో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా పాపకి 11 నెలలు. నిన్నటి నుంచి మోషన్స్, నీళ్ళగా, పసుపుగా. వాంతి ఒక్కసారే అయింది. ఆడుకుంటోంది, ఏడిస్తే కన్నీళ్ళు వస్తున్నాయి, డైపర్ తడుస్తోంది. అత్తయ్య గారు పాలు ఆపమంటున్నారు. ఓఆర్‌ఎస్ ఎంత ఇవ్వాలో తెలియడం లేదు. జ్యూస్ డబ్బాలో వచ్చే ఓఆర్‌ఎస్ తెచ్చారు, పాప అది ఇష్టంగా తాగుతోంది.

పీహెచ్‌సీ_డాక్టర్ | ఉదయం 9:45

తల్లిపాలు ఆపకండి. మామూలుకన్నా ఎక్కువసార్లు ఇవ్వండి. అత్తయ్య గారికి ఇలా చెప్పండి: పాలు ఆపితే నీరూ బలమూ రెండూ ఆగిపోతాయి, పాప నీరసపడేది అందుకే.

రెండేళ్ళలోపు పిల్లలకి ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మి.లీ. ఓఆర్‌ఎస్. మందు మూతతో కొలుచుకుని చెంచాతో పట్టండి, సీసా వద్దు. రెండేళ్ళ నుంచి పదేళ్ళవాళ్ళకి 100 నుంచి 200 మి.లీ. ఓఆర్‌ఎస్‌తో పాటు జింక్ కూడా ఇవ్వాలి. ఆరు నెలలు దాటిన పిల్లలకి రోజుకి 20 మి.గ్రా. బిళ్ళ ఒకటి, చెంచాడు తల్లిపాలల్లోనో నీళ్ళలోనో కరిగించి 14 రోజులు. రెండు నుంచి ఆరు నెలల పిల్లలకైతే సగం బిళ్ళ. అంగన్‌వాడీలో, పీహెచ్‌సీలో ఉచితంగా ఇస్తారు. జింక్ వల్ల ఈ విరేచనాలు త్వరగా తగ్గుతాయి, తర్వాతి రెండు మూడు నెలల్లో మళ్ళీ వచ్చే అవకాశమూ తగ్గుతుంది.

మెత్తటి అన్నం, పప్పుకట్టు, పెరుగన్నం, అరటిపండు, పాప ఏది తింటే అది కొంచెం కొంచెంగా పెట్టండి. రక్తం కనిపించినా, పాలు తాగడం మానేసినా, మగతగా ఉన్నా, కళ్ళు లోపలికి పోయినట్టున్నా, ఆరు గంటలపాటు డైపర్ పొడిగా ఉన్నా, తాగిందంతా వాంతి అవుతున్నా వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.

ఆ డబ్బా మీద నాకు అనుమానం ఉంది. వెనక పదార్థాలు చదివి రాయండి.

మెడికల్‌షాప్_శ్రీను | ఉదయం 10:05

డబ్బాల గురించి నేను రాస్తాను, ఇది నాకు బాగా కోపం తెప్పించే విషయం. పేరులో ఓఆర్‌ఎస్ అని పెట్టుకుని, పంచదార దట్టించిన తియ్యటి నీళ్ళు ఏళ్ళ తరబడి మందుల షాపుల్లోనే అమ్మారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో ఖరారు చేసిన లెక్క ప్రకారం లీటరుకి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, సిట్రేట్ 2.9 గ్రాములు. అంతకు ఎన్నో రెట్లు పంచదార పోస్తే అది పేగులోకి నీటిని లాగుతుంది, మోషన్స్ తగ్గడం పోయి పెరుగుతాయి. కూల్‌డ్రింకులతో జరిగేది కూడా అదే.

మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు దీని మీద ఏళ్ళ తరబడి పోరాడారు, హైకోర్టుకీ వెళ్ళారు. 2025 అక్టోబర్‌లో, ఆ ఫార్ములా లేని డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదని కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. ఒక డాక్టర్ పట్టుదల వల్ల ఎంతమంది పిల్లలకి మేలు జరిగిందో. పాత స్టాకు ఇళ్ళల్లో ఉండే ఉంటుంది, చూసుకోండి.

కొత్తమ్మ_ఒంగోలు | ఉదయం 10:21

చదివాను అన్నా. దాని మీద పంచదార మొదటి వరసలోనే ఉంది, ఉప్పు చివర్లో. మా ఆయన పొడి ప్యాకెట్లు, జింక్ తేవడానికి వెళ్ళారు. అత్తయ్య గారికి డాక్టర్ గారి మాట చదివి వినిపించాను, సరేనన్నారు.

కొవ్వూరు_రవి | మధ్యాహ్నం 1:30

దారిలో ఉన్నాను. బాబాయి ఫోన్ చేశాడు. చేరేసరికి నాన్న బీపీ 90/60, క్రియాటినిన్ 1.9. మార్చిలో చేయించినప్పుడు 1.1 ఉండేది. సెలైన్లు ఎక్కిస్తున్నారు, ఇందాక మూత్రం వచ్చింది. ఇంకో రెండు గంటలు ఆలస్యమైతే కష్టమయ్యేదని అక్కడి డాక్టర్ అన్నారట. వాంతి లేదు కాబట్టి సెలైన్ నడుస్తున్నా ఓఆర్‌ఎస్ కూడా తాగమంటున్నారు. అమ్మ మాత్రం, సెలైన్‌లో ఉన్న బలం ఈ ఉప్పు నీళ్ళలో ఎక్కడిది అంటోంది.

చరిత్ర_మాస్టారు | మధ్యాహ్నం 2:15

రవీ, నాన్నగారు కోలుకుంటున్నారు, సంతోషం. అమ్మగారికి తీరిక దొరికినప్పుడు ఈ సంగతి చెప్పు.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం సమయంలో లక్షలమంది సరిహద్దు దాటి పశ్చిమ బెంగాల్‌కి వచ్చారు. బొన్‌గావ్ దగ్గర శిబిరాల్లో కలరా చెలరేగింది. ఆసుపత్రిలో నేల మీద కూడా రోగులే, సెలైన్ సీసాలు అయిపోవచ్చాయి. అక్కడ పనిచేస్తున్న డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, వంటసోడా, గ్లూకోజ్ కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో చేయించి, రోగుల ఇంటివాళ్ళ చేతికే కప్పులిచ్చి పట్టించమన్నారు. అప్పటిదాకా కలరా రోగికి సూది ద్వారా తప్ప నీరు ఎక్కించలేమని చాలామంది డాక్టర్లే నమ్మేవారు. సుమారు ముప్పై శాతం దాకా ఉన్న చావులు ఆయన శిబిరంలో నాలుగు శాతం లోపుకి పడిపోయాయి. నర్సులు కాదు, తల్లులూ అక్కలూ అన్నలూ కూర్చుని తాగించారు. ఇవాళ అమ్మగారు చెంచా పట్టుకుని చేసింది సరిగ్గా అదే. ఆయన 2022లో పోయారు, మరుసటి ఏడు పద్మవిభూషణ్ ఇచ్చారు.

ఇది ఎలా పనిచేస్తుందంటే, విరేచనాలప్పుడు కూడా చిన్నపేగు గోడలో ఒక దారి తెరిచే ఉంటుంది. ఆ దారిలో గ్లూకోజ్, సోడియం జతగా వెళ్తాయి, వాటి వెంట నీరు వెళ్తుంది. ఒట్టి నీళ్ళు తాగితే అంత బాగా లోపలికి ఇంకదు. ఉప్పుకి పంచదార తోడు కావాలి, అదీ కొలతగా. నడివయసు రోగికైనా, నెలల పాపకైనా సూత్రం ఒకటే.

సిక్కోలు_రైతు | మధ్యాహ్నం 3:05

పెళ్ళి అన్నారు కదా, మరెవరికైనా వచ్చాయా కనుక్కున్నారా? ఇది ఒక్క ఇంటి సంగతి కాకపోవచ్చు. 2024 అక్టోబర్‌లో విజయనగరం జిల్లా గుర్లలో డయేరియాతో మనుషులు పోయారు. మా చుట్టాల ఊరు ఆ చుట్టుపక్కలే. ఊరంతా మంచం పట్టేదాకా ఎవరింట్లో వాళ్ళు తిండి పడలేదులే అనుకున్నారు. ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వస్తే ఏఎన్‌ఎంకో, పీహెచ్‌సీకో చెప్పాలి. వాళ్ళు నీళ్ళు పరీక్షకి పంపుతారు, ట్యాంకుకి క్లోరిన్ వేయిస్తారు. ఎవరి మీదో ఫిర్యాదు చేసినట్టు అవుతుందని పెళ్ళివారి మొహమాటానికి ఊరుకోవద్దు.

స్టాఫ్‌నర్స్_విజయ | మధ్యాహ్నం 3:20

చాలా ముఖ్యమైన మాట. ఇంకోటి, రవి గారూ, అమ్మగారు జాగ్రత్త. ఆ బట్టలు, బాత్‌రూమ్ శుభ్రం చేసేది ఆవిడే. సబ్బుతో చేతులు కడుక్కోవాలి, ఇలాంటి వైరస్‌లలో కొన్నిటికి శానిటైజర్ సరిగ్గా పనిచేయదు. నేల బ్లీచింగ్ నీళ్ళతో తుడవమనండి. తాగే నీళ్ళు తెర్లకాగాక కనీసం ఒక నిమిషం అలాగే మరగాలి.

పాలమూరు_లక్ష్మి | సాయంత్రం 5:40

విజయక్కా, కొబ్బరి నీళ్ళు ఓఆర్‌ఎస్ బదులు ఇయ్యొచ్చా? మా దగ్గర అందరూ అదే ఇస్తరు.

స్టాఫ్‌నర్స్_విజయ | సాయంత్రం 5:52

బదులుగా వద్దమ్మా. అందులో పొటాషియం ఎక్కువ, పోయిన సోడియం చాలా తక్కువ. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు ఓఆర్‌ఎస్‌తో పాటు ఒక బోండం తాగితే ఇబ్బంది లేదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకీ, రవి గారి నాన్నగారిలా టెల్మిసార్టాన్ లాంటి మాత్రలు వాడుతూ క్రియాటినిన్ పెరిగినవాళ్ళకీ డాక్టర్‌ని అడగకుండా ఇవ్వొద్దు, పొటాషియం పెరిగితే గుండెకి ప్రమాదం.

కొవ్వూరు_రవి | సోమవారం ఉదయం 10:15

నాన్న నిన్న సాయంత్రం ఇంటికొచ్చారు. క్రియాటినిన్ 1.3కి దిగింది. మోషన్ ఇప్పుడు రోజుకి రెండుసార్లే, కాస్త గట్టిపడింది. గంజి, ఇడ్లీ, పెరుగన్నం తింటున్నారు. షుగర్ మాత్రలు సగం డోసుతో మొదలుపెట్టమన్నారు. బీపీ మాత్ర గురువారం క్రియాటినిన్ మళ్ళీ చూశాకే. యాంటీబయాటిక్ ఇవ్వలేదు.

పెళ్ళికి వెళ్ళినవాళ్ళలో ఇంకో ఆరుగురికి వచ్చాయని తెలిసింది. బాబాయి ఏఎన్‌ఎం గారికి చెప్పాడు. నిన్న వచ్చి ఇంటింటికీ ప్యాకెట్లు ఇచ్చి, పెళ్ళి జరిగిన ఇంటి బోరు నీళ్ళు పరీక్షకి తీసుకెళ్ళారు. ఒక పెద్దావిడని ఆసుపత్రికి పంపించారు, ఆవిడ కూడా నీళ్ళు మానేసి పడుకున్నారట.

పీహెచ్‌సీ_డాక్టర్ | ఉదయం 11:02

చాలా సంతోషం. గురువారం పరీక్ష మాత్రం వాయిదా వేయొద్దు. ఒంట్లో బాగానే ఉంది కదా అని పాత బీపీ మాత్ర ముందే మొదలుపెట్టేవాళ్ళు ఉంటారు, అమ్మగారికి గట్టిగా చెప్పండి. ఈలోపు రోజూ ఒకసారి బీపీ చూసి రాసిపెట్టమనండి.

కొత్తమ్మ_ఒంగోలు | మధ్యాహ్నం 12:30

మా పాపకి మోషన్స్ నిన్న రాత్రి నుంచి ఆగాయి. హుషారుగా ఉంది. ఇంకా జింక్ ఇవ్వాలా?

స్టాఫ్‌నర్స్_విజయ | మధ్యాహ్నం 12:41

ఇవ్వాలమ్మా, మోషన్స్ ఆగినా 14 రోజులూ పూర్తి చేయండి. ఓఆర్‌ఎస్ ఇక ఆపొచ్చు. పాపకి రోటావైరస్ టీకా చుక్కలు ఆరు, పది, పద్నాలుగు వారాలకి పడ్డాయో లేదో కార్డులో చూడండి. తిండి మాత్రం ఓ రెండు వారాలు రోజుకి ఒక పూట ఎక్కువ పెట్టండి, తగ్గిన బరువు త్వరగా వస్తుంది.